నూట పద్నాలుగో నంబరు సీసా

లైల్ హార్ట్‌విగ్‌కి తన ముక్కు సంగతి ముప్పై ఆరో ఏడు వచ్చేదాకా తెలియలేదు. షెబోయ్‌గన్ ఊళ్లో చలికాలమంతా మంచు తోసే లారీ నడిపేవాడు. ఎండాకాలం రోడ్ల గుంతలు పూడ్చేవాడు. డీజిలూ తారూ తప్ప ఆ ముక్కుకి వేరే పని ఉండేది కాదు. ఆ జనవరిలో భార్య కొరీన్ రెండు పెట్టెలు సర్దుకుని ఇంకొకడితో గ్రీన్‌బే వెళ్లిపోయింది. ఇక లైల్ డ్యూటీకి పోవడం, వచ్చి బూట్లయినా విప్పకుండా సోఫాలో పడిపోవడం. తిన్న పళ్లేలు సింకులోనే ఎండిపోయేవి.

వెనక సందుకి అవతలి ఇల్లు నార్బర్ట్ డెట్‌మన్‌ది. హైస్కూల్లో వడ్రంగం నేర్పే మాస్టారు. లైల్ కంటే పదేళ్లు పెద్ద. ఊళ్లో అందరికీ నార్బ్. ఒక శనివారం పొద్దున అతను పార భుజాన వేసుకుని వచ్చి లైల్ తలుపు దబదబా బాదాడు.

“ఊరందరి మంచూ తోస్తావు. నీ గరాజ్ ముందు మంచు ఎవడు తియ్యాల్రా, మేయరా?”

లైల్ కళ్లు నులుముకుంటూ నిలబడ్డాడు.

“సర్లే, అది నేనే తీసేశాను. ఇప్పుడు నువ్వు నాకో పని చేసిపెట్టాలి. నా నడుం పట్టేసింది. ఓ గాజు జాడీ మేడ మీంచి కిందికి దించాలి, బరువుగా ఉంది. పద.”

నడుం పట్టేయడం అబద్ధమని లైల్‌కి చాలా ఏళ్ల తర్వాత నార్బ్ భార్య ఆర్డిస్ చెప్పింది. ఆ రోజు మాత్రం అతను మారుమాట లేకుండా వెళ్లి జాడీ దించాడు. నార్బ్ ఒక గ్లాసులో కాస్త పోసి చేతికిచ్చాడు. తేనెరంగు బీరు, పైన సన్నటి నురగ. లైల్ తాగబోతూ ఆగాడు.

“ఇందులో మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టావా?”

నార్బ్ అతని వంక వింతగా చూశాడు. “ఏం, ఎందుకు?”

“ఆ వాసనొస్తోంది.”

నార్బ్ గ్లాసు లాక్కుని తను వాసన చూశాడు. మళ్లీ చూశాడు. బార్లీ రసం మరిగేటప్పుడు గిన్నె మీద మూత పెట్టేసినట్టు గుర్తొచ్చింది. మూత పెడితే పోవాల్సిన ఆవిరి పోక ఆ వాసన లోపలే నిలిచిపోతుంది. పుస్తకాల్లో చదివాడు గాని, తన ముక్కుకి ఎన్నడూ పట్టుబడలేదు. “ఆరేళ్లుగా చేస్తున్నాన్రా నేను,” అని పగలబడి నవ్వాడు. “ఆరేళ్లు! నువ్వు లారీ దిగి వచ్చి ఒక్క నిమిషంలో నా పరువు తీశావు. వచ్చే శనివారం కూడా రా.”

ఆ వచ్చే శనివారం ఇరవై రెండేళ్లు సాగింది.

నార్బ్ గరాజ్‌లో గ్యాస్ పొయ్యి, మూడు పెద్ద స్టీలు గిన్నెలు, పాత పాల క్యానులో చల్లబరిచే రాగి గొట్టం ఉండేవి. మొదటి ఏడాదంతా నార్బ్ లైల్ చేత కడిగించాడు. గొట్టాలు, గరిటెలు, జాడీలు, చివరికి థర్మామీటరు కూడా. ముందు వేడినీళ్లతో, తర్వాత క్రిములు చంపే మందు కలిపిన నీళ్లతో. “బీరు మనం చెయ్యం రా. ఈస్ట్ చేస్తుంది. మనం దానికి అంట్లు తోమిపెట్టే వాళ్లం,” అనేవాడు. వడ్రంగం పిల్లలకి చెప్పినట్టే ఓపిగ్గా, విసుగు లేకుండా. లైల్ తండ్రి కూడా అతనికి ఏదీ అంత ఓపిగ్గా చెప్పలేదు.

నవంబరులో వేట సెలవులు మొదలయ్యే ముందు వారం ఇద్దరూ ముదురు బీరు ఒకటి చేసేవారు. మామూలు దానికి రెండింతలు బార్లీ, చిక్కగా, నల్లగా ఉండేది. దాన్ని సీసాల్లో నింపి, మూతల్ని ఎర్ర మైనంలో ముంచి, మైనం మీద మేకుతో సంవత్సరం గీసి, నార్బ్ ఇంటి బేస్‌మెంట్లో చల్లటి రాతి గోడ పక్కన పడుకోబెట్టేవారు. ఏడాదికి పన్నెండు సీసాలు తప్ప మిగిలినవి పంచేసేవారు. పదేళ్లు దాటిన సీసా తెరిస్తే ఎండు ద్రాక్ష, తోలు, పాత చెక్కబీరువా వాసన వచ్చేది. లైల్ కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ చెబుతుంటే నార్బ్ పెన్సిల్‌తో నోటుబుక్కులో రాసుకునేవాడు.

ఊళ్లో బీరు చేసుకునేవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు మడ్డి సంఘం. నెలకో గురువారం సాయంత్రం ఒక బార్ వెనక హాల్లో కూడి, ఒకరి సీసాలు ఒకరు తెరిచి, వేయించిన చీజ్ ముక్కలు నంజుకుంటూ, ముఖాల మీదే తిట్టుకునేవారు. పదేళ్లు గడిచేసరికి లైల్ పరీక్షలు రాసి పోటీలకి జడ్జి అయ్యాడు. మంచు లారీ డ్రైవరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే హాలంతా మాటలాపేది. అతను “తడిసిన అట్టపెట్టె” అంటే ఆ బీరులోకి గాలి దూరినట్టే. “పచ్చి ఆపిల్” అంటే తొందరపడి సీసాల్లో పోసినట్టే. పెళ్లాం వదిలేసిన మనిషికి అంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది? అది అతనికి నిషా కంటే ఎక్కువే ఎక్కింది.

అతనికి యాభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా సెప్టెంబరులో కుడి భుజానికి ఆపరేషన్ అయింది. నాలుగు నెలలు బరువు ఎత్తకూడదన్నారు. శనివారాలు ఆగిపోయాయి. నార్బ్ వారానికోసారి వచ్చి పేకాట ఆడి వెళ్లేవాడు. ఆటలో ముక్కల లెక్క తప్పేవాడు. పడిపోయిన రాణి ఇంకా ఎదుటివాడి చేతిలోనే ఉందనుకునేవాడు. “ముసలాడివైపోయావు,” అని లైల్ వెక్కిరించాడు. నార్బ్ నవ్వాడు గాని, ఆ నవ్వు పెదాల దాకానే వచ్చింది.

“ఈ ఏడు పోటీకి పంపుతున్నావా?” అని లైల్ అడిగాడు.

“లేదులే. నువ్వు లేకుండా ఏం పంపుతాను?”

అది అబద్ధం. ఇరవై రెండేళ్లలో పోటీకి వెళ్లిన ప్రతి సీసా వెనకా లైల్ ముక్కు ఉంది. ఒక్కసారి తన చేతి బీరుకి లైల్ మార్కులు వేయాలని, తర్వాత అది తనదేనని చెప్పి ఆటపట్టించాలని నార్బ్‌కి కోరిక. అక్టోబరులో ఒంటరిగా గోధుమరంగు ఇంగ్లిష్ బీరు చేశాడు. ఆర్డిస్ చేత కూడా లైల్‌కి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

ఫిబ్రవరిలో సంత మైదానం హాల్లో పోటీ జరిగింది. సీసాలకి పేర్లుండవు, మూత మీద నంబరే. ఒక్కో బల్లకి ఇద్దరు జడ్జీలు. లైల్ పక్కన కూర్చున్నది బ్రిటా లుండ్. చీజ్ ఫ్యాక్టరీ లాబ్‌లో పనిచేసే అమ్మాయి. అప్పుడే జడ్జీ పని నేర్చుకుంటోంది. లైల్ చెప్పే ప్రతి మాటా రాసుకుంటోంది. ఆమె రాసుకుంటున్నకొద్దీ అతనికి హుషారెక్కింది.

నూట పద్నాలుగో నంబరు సీసా తెరవగానే బుస్సున పొంగి బల్ల మీద పడింది. లైల్ గ్లాసు దగ్గరికి తీసుకుని మొహం చిట్లించాడు. గాయానికి వేసే ప్లాస్టరు వాసన. దాని వెనక పులిసిన పాలగుడ్డ. నోట్లో పోసుకుంటే చేదు మీద చేదు, చేదు కోసం వేసే హాప్స్ పూలు రెండుసార్లు వేసినట్టుంది. ఉమ్మేశాడు.

“ఏంటిది? క్రిములు పట్టాయా?” అంది బ్రిటా.

“పట్టడమా? కాపురం పెట్టాయి. చూడు, ఇది పొరపాటు కాదు. పొరపాటు చేసినవాడి బీరులో ఒక తప్పుంటుంది. ఇందులో అన్నీ ఉన్నాయి. వీడు గిన్నె కడగలేదు, గొట్టం కడగలేదు, వేసింది మర్చిపోయి మళ్లీ వేశాడు.”

యాభైకి పదమూడు మార్కులు వేశాడు. కింద ఖాళీలో ఎప్పుడూ రెండు మంచి మాటలు, ఒక సలహా రాసేవాడు. ఆ రోజు బ్రిటా భుజం మీంచి చదువుతోందని తెలిసి కలం మరికాస్త ఝుళిపించాడు. ‘ఈ బీరు చేసినవాడికి బీరంటే ప్రేమ పోయి చాలా కాలమై ఉంటుంది. గిన్నె కడిగే ఓపిక లేనివాడు ఇంకొకరి నోటికి అందించకూడదు.’

“మరీ అంత ఘాటుగానా, లైల్? పాపం, ఎవరో కొత్తవాళ్లేమో.”

“మొహమాటపడితే జన్మలో నేర్చుకోడు,” అన్నాడతను. అడుగున సంతకం పెట్టాడు. మధ్యాహ్నం సాసేజీలు కాల్చి పెడితే రెండు తిని, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాడు.

మార్కుల కాగితాలు పోస్టులో చేరడానికి రెండు వారాలు పట్టింది. ఆ గురువారం నార్బ్ సంఘానికి రాలేదు. శనివారం పొద్దున లైల్ సందు దాటి వెళ్లేసరికి గరాజ్ తలుపు ఎత్తి ఉంది. నార్బ్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కాగితం. లైల్ దూరం నుంచే ఆ కాగితం రంగు గుర్తుపట్టాడు. తన చేతిరాత గుర్తుపట్టాడు.

“నువ్వు పంపనన్నావు కదరా,” అన్నాడు. మొదట నోట్లోంచి వచ్చింది అదే. తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నాడో ఆ మాటకి.

“నిన్ను ఏడిపిద్దామని పంపాను.” నార్బ్ కాగితాన్ని మోకాలి మీద పెట్టి చేత్తో సాపు చేశాడు. “కోపం లేదురా. నువ్వు రాసిందాంట్లో తప్పు లేదు. అది కాదు నా బాధ.”

“నార్బ్, నేను...”

“ఉండు, విను. నేను కడిగాను. గొట్టం కడిగాను, జాడీ కడిగాను. నాకు బాగా గుర్తుంది. మందునీళ్లకి చేతులు జారినట్టయింది, అదీ గుర్తుంది. కానీ ఈ కాగితం చూసి వెళ్లి చూశాను. క్రిముల మందు సీసా సీలు కూడా తియ్యలేదురా. ఆగస్టులో కొన్నది కొన్నట్టే ఉంది.” అతను తలెత్తి చూశాడు. “మరి నాకు గుర్తున్నది ఏ రోజుది?”

పోటీ బల్ల దగ్గర లైల్ గ్లాసు పట్టుకుని ఆ సీసా గురించి అన్నీ కనిపెట్టాడు. వేసింది మర్చిపోయి మళ్లీ వేశాడని కూడా పైకే అన్నాడు. అది ఎవరి చేతి బీరో మాత్రం తెలుసుకోలేకపోయాడు. వేరేవాళ్ల సీసాల మధ్య నార్బ్ సీసాని వాసనతో పట్టేస్తానని గొప్పలు పోయేవాడు ఒకప్పుడు.

“ఆర్డిస్‌కి చెప్పకు,” అన్నాడు నార్బ్. “డాక్టర్లంటుంది, పరీక్షలంటుంది. కొన్నాళ్లు చూద్దాం.”

లైల్ చెప్పలేదు. ఆ కాగితం రాసినవాడికి కాదనే హక్కు లేదనిపించింది. అలా రెండు నెలలు గడిచాయి. శనివారాలు మళ్లీ మొదలుపెట్టాడు. ముందే వచ్చి గిన్నెలన్నీ తనే కడిగేసేవాడు. బార్లీ తనే తూచేవాడు. హాప్స్ చిన్న కప్పుల్లో వేసి వరసగా పెట్టేవాడు. నార్బ్ చేతికి గరిటె ఇచ్చి కలపమనేవాడు. రెండో నెల చివర ఒక శనివారం నార్బ్ గరిటె గిన్నెలో వదిలేసి గోడకి ఆనుకున్నాడు.

“నన్ను మా స్కూల్లో కొత్తగా చేరిన పిల్లాణ్ని చేశావు కదరా,” అన్నాడు. “వాళ్లకీ నేను ఇలాగే ఉప్పుకాగితం ఇచ్చి, రుద్దుతూ కూర్చో నాన్నా అనేవాణ్ని. కుర్చీ మాత్రం నేనే చేసేవాణ్ని.”

ఆ సోమవారం అతను గరాజ్‌లో పొయ్యి తిప్పి, అంటించడం మర్చిపోయి, లోపలికెళ్లి టీవీ ముందు కూర్చున్నాడు. ఆర్డిస్‌కి గ్యాస్ వాసన వచ్చింది కాబట్టి ఇల్లు మిగిలింది.

క్లినిక్‌కి లైలే కారులో తీసుకెళ్లాడు. డాక్టరు చిన్నావిడ, నెమ్మదిగా మాట్లాడింది. గడియారం బొమ్మ గియ్యమంటే నార్బ్ అంకెలన్నీ ఒకపక్కకే దిగ్గొట్టాడు. తర్వాత ఆవిడ అడిగింది. “మందు అలవాటుందా?”

“లేదండీ,” అంది ఆర్డిస్. “ఆయన తాగరు. బీరు చేస్తారు. రుచి చూస్తారు, అంతే.”

“రోజుకి ఎన్ని గ్లాసులు రుచి చూస్తారు?”

ఆర్డిస్ నార్బ్ వంక చూసింది. నార్బ్ లైల్ వంక చూశాడు, పేకాటలో జోడీ వంక చూసినట్టు. లైల్ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కూర్చుని లెక్కపెట్టాడు. సాయంత్రం కొలిచి చూసే గ్లాసు, జాడీలోంచి తీసి చూసే గ్లాసు, పక్కనబెట్టి పోల్చి చూడ్డానికి రెండు, అన్నం ముందు ఒకటి, పడుకునే ముందు ముదురుది ఒకటి.

“ఆరు,” అన్నాడు. “ఏడు కూడా అవుతుంది. కొన్ని బాగా గట్టివి.”

“ఎన్నేళ్లుగా?”

“నాకు తెలిసి ఇరవై రెండు.”

డాక్టరు రాసుకుంది. ఈ మతిమరుపు జబ్బుకి తాగుడొక్కటే కారణమని చెప్పలేననీ, వయసు కూడా ఉందనీ, అయితే మెదడుని ఇంత తొందరగా తినేసిందాంట్లో దాని వాటా తక్కువేం కాదనీ అంది. ఈ రోజు నుంచి చుక్క కూడా ముట్టకూడదంది. నార్బ్ బుద్ధిగా తలూపాడు.

కారు ఇంటి దారి పట్టింది. వెనక సీట్లోంచి ఆర్డిస్ గొంతు వినిపించింది.

“వంటింట్లో ఉండి మీ నవ్వులు వినేదాన్ని. ప్రతి శనివారం. మా ఆయన ఎంత మంచి స్నేహితుణ్ని సంపాదించాడు అనుకునేదాన్ని.”

లైల్ ఎర్ర దీపం దగ్గర కారు ఆపాడు.

“ఆరు గ్లాసులని నీకు తెలుసు. ఏడని కూడా తెలుసు. నాకెందుకు చెప్పలేదు, లైల్?”

“నాకూ అన్నే కదా, ఆర్డిస్,” అన్నాడు. అది ఎలాంటి జవాబో అతనికే అన్న తర్వాత తెలిసింది.

ఎండాకాలంలో నార్బ్‌కి మరుపు ముదిరింది. మడ్డి సంఘంలో లైల్ ఈ సంగతి చెబితే అందరూ బాధపడ్డారు. వంతులు వేసుకుని ఆర్డిస్‌కి కూరలు, కేకులు పంపారు. ఒక నెల పంపారు. ఆగస్టులో నార్బ్ తనూ వస్తానని గోల చేస్తే ఆర్డిస్ సరేనంది. లైల్ అతణ్ని కూర్చోబెట్టి నిమ్మ సోడా తెప్పించాడు. హాలంతా పరామర్శకి వచ్చినట్టు గొంతులు తగ్గించి మాట్లాడారు.

కాసేపయ్యాక ఎవరో కొత్త సభ్యుడు తన మొదటి బీరు గ్లాసుల్లో పోశాడు. నార్బ్ చెయ్యి చాపాడు. లైల్ వద్దని సైగ చేశాడు గాని అప్పటికే గ్లాసు అతని ముక్కు దగ్గరుంది. తాగలేదు. వాసన చూసి, లేచి నిలబడి, పాఠం ఒప్పజెప్పినట్టు అన్నాడు:

“ఈ బీరు చేసినవాడికి బీరంటే ప్రేమ పోయి చాలా కాలమై ఉంటుంది. గిన్నె కడిగే ఓపిక లేనివాడు ఇంకొకరి నోటికి అందించకూడదు.”

కొత్త సభ్యుడు బిక్కచచ్చిపోయాడు. ఎవరో ఇబ్బందిగా నవ్వారు. బ్రిటా మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆ గదిలో ఆ వాక్యం ఎవరిదో తెలిసినవాళ్లు ఇద్దరే.

నార్బ్ సంతోషంగా లైల్ వైపు తిరిగాడు. “సరిగ్గా చెప్పానా?”

“సరిగ్గానే చెప్పావు,” అన్నాడు లైల్. అతణ్ని ఇంటి దగ్గర దింపి, తన ఇంటికి పోయి, ఆ వారమే జడ్జీ పని మానేస్తున్నానని ఉత్తరం రాశాడు.

ఆ వాక్యం నార్బ్‌ని వదల్లేదు. తన పెళ్లిరోజు పోయింది, స్కూలు పేరు పోయింది, చనిపోయిన తమ్ముడు చనిపోయాడన్న సంగతి పోయింది. అది మాత్రం ఉండిపోయింది. సూప్ చూసి అనేవాడు, కాఫీ చూసి అనేవాడు. ఆర్డిస్‌కి అది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. ఒకరోజు సందులో కనబడి, “ఎవడో పుణ్యాత్ముడు ఏదో అన్నాడు, అది మనసులో మేకులా దిగిపోయింది ఆయనకి,” అంది. ఆ కాగితం సంగతి ఇప్పుడైనా చెప్పాలని లైల్ నోరు తెరిచాడు. చెత్తబుట్టల గురించి ఏదో మాట్లాడి ఇంట్లోకి పోయాడు.

అక్టోబరులో ఆర్డిస్ ఫోను చేసింది. నార్బ్ బేస్‌మెంట్లోకి దిగి మైనం సీసాలు గోడకి కొట్టి పగలగొట్టి తాగాడట. పెదవి కోసుకుందట. “తీసుకుపో అవన్నీ. ఇంట్లో ఒక్కటి కూడా ఉండకూడదు. ఏం చేసుకుంటావో చేసుకో.”

నూట ముప్పై ఒక్క సీసాలు మిగిలాయి. లైల్ పాల క్రేట్లలో సర్ది ఒక్కో క్రేటూ మెట్లెక్కి మోశాడు. ఆపరేషనైన భుజం భగభగమంది. పై మెట్టు మీద నార్బ్ కూర్చుని ఉన్నాడు, పెదవికి కుట్లు.

“ఎవరు నువ్వు? అవి నావి.”

“నేనురా, లైల్‌ని.”

“అవి నావీ, మా లైల్‌వీ. వాడొస్తే నీ సంగతి చెబుతాడు. వాడు మంచు లారీ నడుపుతాడు, తెలుసా?”

లైల్ అతని పక్కనుంచి ఒదిగి ఒదిగి క్రేటు బయటికి పట్టుకుపోయాడు. ఎనిమిది సార్లు తిరిగాడు. ఎనిమిది సార్లూ నార్బ్ అదే మాట చెప్పాడు.

డాక్టరు గదిలో లెక్కపెట్టిన రోజు నుంచి లైల్ తనూ మానేద్దామని చూస్తూనే ఉన్నాడు. మూడు రోజులు ఆగగలిగాడు ఒకసారి. నాలుగో రోజు పొద్దున బ్లేడు పట్టుకుంటే చెయ్యి ఆగలేదు. చొక్కా తడిసేలా చెమట. ఇరవై రెండేళ్లుగా తనకి ఇష్టమనుకున్నది ఇష్టం కాదని అప్పుడు తెలిసింది. సీసాలు తెచ్చిన రోజు అన్నీ గరాజ్ తూములో పారబోయాలనే అనుకున్నాడు. అన్నిటికంటే పాతది, ఇద్దరూ చేసిన మొదటిది, తీసి మూత తెరిచాడు. వంచబోయి, వాసన మాత్రం చూద్దామనుకున్నాడు. ఆ చలికాలం గడిచేలోపు నూట ముప్పై ఒకటీ తాగేశాడు. నోటుబుక్కు లేదు, రాసుకునేవాడు లేడు. చివరి చివరికి వాసన కూడా చూడ్డం మానేసి కాఫీ కప్పులో పోసుకుని మింగేవాడు.

డిసెంబరులో నార్బ్‌ని వృద్ధుల ఆశ్రమంలో చేర్చారు. లైల్ ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెళ్లేవాడు. నార్బ్ ఒక్కోసారి అతణ్ని పాత విద్యార్థి అనుకునేవాడు, ఒక్కోసారి ప్లంబరు అనుకునేవాడు. పక్కపక్కన కూర్చుని కిటికీలోంచి పార్కింగు చూసేవారు. జనవరి ఆఖర్లో ఆర్డిస్ వరండాలోనే ఆపేసింది.

“నీ దగ్గర వాసనొస్తోంది, లైల్. నువ్వొచ్చి వెళ్లిన ప్రతిసారీ ఆయన సాయంత్రమంతా బీరువాలు వెతుకుతాడు. దొరక్కపోతే ఏడుస్తాడు. నర్సులు కట్టేస్తామంటున్నారు.” ఆమె గొంతులో కోపం లేదు, ఓపిక అయిపోయిన గొంతు. “రావద్దనడం లేదు. తాగకుండా ఉండగలిగిన రోజున రా.”

అతను తల వంచుకుని వెనక్కి నడిచాడు. ఆ తర్వాత నాలుగు ఆదివారాలు ఆశ్రమం దాకా వెళ్లి, కారులోనే కూర్చుని, తిరిగి వచ్చేశాడు. ఫిబ్రవరి చివర్లో పళ్లు బిగబట్టి పదకొండు రోజులు ఆగాడు. పన్నెండో రోజు తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, వణుకు కనబడకుండా చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్లాడు. నార్బ్ నిద్రపోతున్నాడు. బాగా చిక్కిపోయాడు, దిండు మీద తల పిల్లాడి తలలా చిన్నగా ఉంది. లైల్ గంటసేపు కుర్చీలో కూర్చున్నాడు. ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆ కాగితం నేనే రాశాను, అందులో ఉన్నది నువ్వు కాదు అని. లేపితే ఎవరు నువ్వంటాడేమో అని భయమేసింది. ఆ వాక్యం అంటాడేమో అని ఇంకా భయమేసింది. లేపలేదు. ఇంటికి పోతూ దారిలో ఆగి కొనుక్కున్నాడు.

మార్చి తొమ్మిదిన నార్బ్ పోయాడు. లైల్‌కి ఎవరూ ఫోను చేయలేదు. మూడో రోజు పేపర్లో ఫోటో చూశాడు.

చర్చిలో ప్రార్థన అయ్యాక కింద హాల్లో భోజనాలు పెట్టారు. హ్యామ్ పెట్టిన బన్నులు, బంగాళాదుంప సలాడ్, కాఫీ. మడ్డి సంఘం వాళ్లు నార్బ్ పేరు మీద ఒక సీసా తెరుద్దామని తెచ్చారు. ఆర్డిస్ వద్దని ఒక్క మాట అంటే తలలు దించుకుని కారులో పెట్టేశారు. లైల్ గోడ పక్కన నిలబడ్డాడు. పొద్దున ముట్టలేదు. మధ్యాహ్నం దాకా ఎలాగో నిలబడగలిగితే చాలనుకున్నాడు.

ఆర్డిస్ పళ్లెం పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది.

“తిన్నావా?”

“తింటాను.”

“ఆ రోజు వచ్చావట కదా. నర్సు చెప్పింది. గంటసేపు కూర్చున్నావట.”

“నిద్రపోతున్నాడు.”

“లేపాల్సింది,” అంది. “ఆ వారమంతా నీ పేరే. ఇంకెవ్వరి పేరూ లేదు. వాడింకా రాలేదేంటి, శనివారం కదా అని నన్ను చంపుకు తిన్నాడు. లేపాల్సింది, లైల్.”

ఆమె పళ్లెం అతని చేతిలో పెట్టి, పిలుస్తున్నవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. కాగితప్పళ్లెం అతని చేతిలో వణికి సలాడ్ కాస్త బూటు మీద పడింది. బ్రిటా వచ్చి వంగి నాప్‌కిన్‌తో తుడిచింది. “కూర్చుందాం రండి,” అంది. లైల్ కూర్చున్నాడు. అతని కళ్లు మెట్ల వైపే ఉన్నాయి. ఎంత తొందరగా ఇంటికి పోవచ్చా అని చూస్తున్నాడు.